బోల్టులకు కట్టిన పోగులు

గేర్ ఆయిల్‌ది పాడైన కోడిగుడ్డు వాసన. ఒకసారి చేతులకు పట్టిందంటే మూడు సార్లు సబ్బు రుద్దినా పోదు, రాత్రి అన్నం ముద్దలో కూడా అదే. మొన్న సోలాపూర్ హోట్గి రోడ్డులోని నా షెడ్డుకు ఒక వింత బండి వచ్చింది. తలుపుల్లేవు, పైన ఇనప గొట్టాల చట్రం, పక్కపక్కన రెండు సీట్లు. రాళ్ళూ వాగులూ ఏవీ లెక్కచేయదట. యజమాని పొలంలో ఇష్టం వచ్చినట్టు తిప్పి, గేర్‌బాక్స్ దించాల్సిన స్థితికి తెచ్చాడు. అడుగున మర విప్పి నూనె వదిలానో లేదో ఆ వాసన గుప్పుమంది. నాకు మాత్రం దాని వెంటే పడుగుకు పట్టించే గంజి వాసన కూడా వస్తుంది. నా చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయి ఒక ఎర్ర పోగు తీసి మొదటి బోల్టుకు కట్టింది. "చాచా, ఫోన్‌ల ఫొటో కొట్టుకుంటె అయిపాయె గద!" అని ఆ యజమాని నవ్వాడు. "నువ్వు కొట్టుకో, నేను కట్టుకుంట" అన్నాను. ఆ పోగుల సంగతి అతనికి చెప్పలేదు. చెప్పాలంటే ఎల్లవ్వ సంగతి చెప్పాలి, అది నిలబడి చెప్పేది కాదు.

ఎనభైల చివర్లో మా నేత పేటలో మా ఇంటి ఎదురిల్లు ఎల్లవ్వది. నాకు చుట్టం కాదు, కానీ మా నాయినను అన్నా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది, నేను ఆమెకు అల్లుణ్ణయ్యాను. ఆమె పని పడుగులు అతకడం. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు నేసేవాడు మొత్తం నేసెయ్యడు. చివర మూరెడు పోగులు మగ్గం మీదే వదిలేస్తాడు. కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును ఆ పాత కొసల్లో ఒక్కొక్కదానితో కలిపి మెలిపెట్టాలి. అప్పుడు కొత్తది పాతదాని వెంట దారి తప్పకుండా వస్తుంది. వేల పోగులు. ఎల్లవ్వ చిన్న డబ్బాలో బూడిద పెట్టుకుని, వేళ్ళకద్దుకుంటూ, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇంటింటికీ తిరిగి అతికేది. చేతులతో పాటు నోరూ ఆడేది. ఏ ఇంట్లో ఏ కూర మాడిందో పేటంతటికీ ఆమె ద్వారానే తెలిసేది.

నేను ఇరవై మూడేళ్ళ దాకా చద్దర్లు నేశాను. నాకు మగ్గం మీద మనసు లేదు, బండ్ల మీద ఉంది. నాయిన లక్ష్మయ్యతో నానా పోట్లాటా పడి ఒక గ్యారేజీలో చేరి రెండేళ్ళు పని నేర్చుకున్నాను. తర్వాత పేట చివర రేకుల షెడ్డు వేసుకున్నాను. "ఉగాది దాక చూస్త. నీ బండ్లు నడవకపోతె మగ్గం ఉండనే ఉన్నది" అన్నాడు నాయిన. అన్నట్టే నా మగ్గాన్ని కదిలించలేదు. నేను వదిలేసిన పాత కొసలు అట్లాగే వేలాడుతుండేవి, దుమ్ము పడకుండా పైన ఒక దుప్పటి. అన్నానికి ఇంట్లోకి పోయిన ప్రతిసారీ దాని పక్కనుంచే పోవాలి. ముద్ద మింగుడు పడేది కాదు. షెడ్డు వేసిన నాలుగు నెలల్లో వచ్చినవి సైకిల్ పంక్చర్లు, రెండో మూడో మోపెడ్లు, అంతే.

అట్లాంటప్పుడు ఒక గురువారం పాండుభావు జీపు వచ్చింది. పాండుభావు డ్రైవరు, మరాఠీ మనిషి. బస్సు పోని ఊళ్ళకు నల్లరేగడి బాటల్లో నర్సమ్మను తీసుకుపోతాడు, ఆమె పిల్లలకు సూదిమందు వేస్తుంది. క్లచ్ ప్లేటు అరిగిపోయింది. ఊరి గ్యారేజీలన్నీ పదిహేను రోజుల తర్వాత రమ్మన్నాయి. "సోమవారం పొద్దున బండి పాయిజే" అన్నాడు, కావాల్సిందేనట. ప్లేటు చూస్తే పళ్ళెమంత. కానీ దాని దగ్గరికి పోవాలంటే గేర్‌బాక్స్ మొత్తం కిందికి దించాలి. నేనూ మరాఠీలోనే "హో", సరే అనేశాను. అనగూడని మాట అది.

ఎందుకో చెప్పాలి. నేను గ్యారేజీ వదిలి రాలేదు, పని నేర్పిన ఉస్తాదే పంపించేశాడు. ఒక గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు పొట్టి బోల్టు చోట పొడుగు బోల్టు దూర్చి, దిగకపోయినా బలంగా బిగించాను, గేర్‌బాక్స్ పై డొల్ల చిట్లింది. "నీ చేతులు బట్టకే, ఇనుముకు కాదు" అని ఇంటికి తోలాడు. ఈ మాట పేటలో ఎవరికీ తెలియదు. అందరితో నేనే మానేశానని గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఇంకో డొల్ల చిట్లితే నా షెడ్డు మూసి దుప్పటి కింది మగ్గం ముందు కూర్చోవడమే.

శుక్రవారం జీపు కింద దూరి బోల్టులు విప్పుతూ, విప్పినదాన్ని విప్పినట్టు పాత డాల్డా డబ్బాలో పడేస్తున్నాను. అతికే పని మీద ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతున్న ఎల్లవ్వ ఆ చప్పుడుకు వంగి చూసింది.

"అయ్యొ అల్లుడా! గిదేంది, బోల్టులా పల్లీలా, గట్ల డబ్బల పోస్తున్నవు?"

"బోల్టులే అత్తా."

"మల్ల ఏది ఏడిదో ఎట్ల తెలుస్తది?"

"గుర్తుంటది తియ్."

"నిన్న పొద్దున ఏం తిన్నవో చెప్పు జర."

నాకు గుర్తు రాలేదు. నిజంగా రాలేదు. జీపు కింద పడుకుని, ఆమె మొహం కనబడకపోవడం వల్లనేమో, ఉస్తాద్ సంగతంతా చెప్పేశాను. చెప్పాక సిగ్గుతో చచ్చిపోయాను. ఎల్లవ్వ తిట్టలేదు. ఇంటికి పోయి రంగురంగుల నూలు కొసలు పట్టుకొచ్చింది. డబ్బాలో పడ్డ ఐదారు బోల్టులను నా చేతే వాటి రంధ్రాల్లో పెట్టించి చూసి, ఎర్ర పోగు బోల్టుకొకటి, దాని రంధ్రం పక్కన ఒకటి కట్టించింది. పచ్చది ఇంకోదానికి, తెలుపూ నలుపూ కలిపి మరోదానికి. "పాతదాని కొస చెయ్యిడిస్తె కొత్తది యాడికి పోవాలె? ఇడిసిన ప్రతి దానికి తొవ్వ పెట్టుకో బిడ్డా" అంది. మధ్యాహ్నం పాండుభావు వచ్చి చూసి "అరె, బోల్టాలా రాఖీ!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు తల తీసేసినట్టయింది. ఎల్లవ్వ మాత్రం "హో భావు, తుమ్హీ పణ్ బాంధా ఏక్" అని, నువ్వూ ఒకటి కట్టమని అతని చేతికే ఒక పోగు ఇచ్చింది. అతను బుద్ధిగా కట్టాడు కూడా.

ఇక దించడం. గేర్‌బాక్స్ బియ్యం బస్తా అంత బరువు, నా దగ్గర ఉన్నది ఒక్క చిన్న జాకీ. దారి మా ఇంట్లోనే ఉంది. జీపు లోపల అడుగు రేకు విప్పి, మా సోలాపూర్ చద్దరు ఒకటి గేర్‌బాక్స్ కిందినుంచి తిప్పి, దాని కొసలు పైకి లాగి, ఇంట్లో పడి ఉన్న పాత మగ్గపు దూలాన్ని అడ్డంగా పెట్టి దానికి చుట్టి పట్టుకున్నాం. అటు పాండుభావు, ఇటు ఎల్లవ్వ, కింద నేను. "మెల్లగ... తొట్టెల పిల్లను దించినట్టు..." అని ఆమె అంటుంటే అది చద్దరులో ఊగుతూ నా పక్కన నేలకు దిగింది. ఒక్క పోగు కూడా తెగలేదు. ఆ చద్దరు నాయిన నేసింది. ఆయనకు చెప్పకుండానే పట్టుకొచ్చాను.

ఆదివారం కొత్త ప్లేటు తేవడానికి బజారుకు పోయి వచ్చేసరికి నాయిన నా షెడ్డులో ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. నాలుగు నెలల్లో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. నాకు సంతోషం వేసింది. తర్వాత ఆయన ముందున్న పళ్ళెం చూసి ప్రాణం పోయినంత పనైంది. బోల్టులన్నీ తళతళ మెరుస్తూ వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ పోగు లేదు.

"మస్తు పోగులు యాలాడుతుండె. సాఫ్ చేసిన" అన్నాడు నాయిన, కాస్త గర్వంగా.

చద్దరు నేశాక అంగడికి పంపేముందు వేలాడే పోగులన్నీ పీకడం నలభై ఏళ్ళుగా ఆయన చేసే చివరి పని. ఎక్కడ పోగు వేలాడినా ఆయన వేళ్ళు ఊరుకోవు. ఎదుటివాడి చొక్కా మీదున్నా మాట్లాడుతూ మాట్లాడుతూ పీకేస్తాడు. అది తెలిసీ నేను అరిచాను. "ఎవరు చెయ్యమన్నరు నాయినా! కొంప ముంచినవు గద!" ఆయన మొహం వాడిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధే నాకు. అరుపులు విని ఎల్లవ్వ పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిసి, ఏడవాల్సింది పోయి, కొంగు నోట్లో కుక్కుకుని కింద కూలబడి నవ్వింది. "లక్ష్మయ్యన్నా! నీ ముంగట దారం కట్టుడు మాదే తప్పు. పెండ్లిపిల్ల కొంగుకు పోగున్నా పీకుతవు నువ్వు!"

నాయిన జేబులోంచి పీకిన పోగులన్నీ తీసి పెట్టాడు. నేతగాడు నూలు పారెయ్యడు కదా. "జీపు కింది పోగులు?" అని అడిగింది ఎల్లవ్వ. వంగి చూశాను. రంధ్రాల పక్కన కట్టినవి అన్నీ ఉన్నాయి. నాయినకు మోకాళ్ళ నొప్పి, కింద దూరలేడు. ఆ మోకాళ్ళకు దండం పెట్టుకున్నాను.

సగం దారి దక్కింది. పోయిన సగం వెతకడానికి మేం ముగ్గురం పీటలు వేసుకున్నాం. నేను చీపురు పుల్ల ఒక్కో రంధ్రంలో పెట్టి లోతు ఎంతుందో గోటితో గిల్లి పంపిస్తే, నాయిన అద్దాలు పెట్టుకుని బోల్టు పక్కన పెట్టి చూశాడు. "గిదాని మెడ కాడ నల్లగున్నది, గంత మేర బయటనే ఉన్నది. గిది పచ్చ పోగుది." రెండు వేల పోగుల్లో తెగినదాన్ని నిలబడ్డచోటి నుంచి పట్టే కళ్ళు ఆయనవి. నూనె తుడిచినా ఇనుము మీది గీత ఆయనకు దొరికిపోయింది. ఎల్లవ్వ పోగు మళ్ళీ కట్టేది. గంటన్నరలో అన్నీ చోటు దొరకబుచ్చుకున్నాయి. నాయినకు నా పని అంటే ఏమిటో చెప్పే అవసరం తర్వాత నాకు ఎప్పుడూ రాలేదు.

పొద్దు వాలకముందే ఎక్కించడం మొదలుపెట్టాం. మళ్ళీ అదే చద్దరు, ఈసారి దూలానికి ఒక వైపు నాయిన, ఇంకో వైపు ఎల్లవ్వ, బండి చూసుకోవడానికి వచ్చిన పాండుభావు పక్కన. గేర్‌బాక్స్ పైకి లేచి ఇంజను దాకా పోయి ఆగింది. బొటనవేలంత సందు. తోస్తే పోదు, ఊపితే పోదు. నాలుగు బోల్టులు పెట్టి పానాతో బిగిస్తే అదే లోపలికి వస్తుందని పానా అందుకున్నాను.

"ఏమైంది అల్లుడా?" పైనుంచి ఎల్లవ్వ.

"జర మిగిలింది. బోల్టులతోటి గుంజుత."

"గుంజకు!" అట్లాంటి గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు. "పోగు రాకపోతె గుంజుతమా? లోపట ఏడనో అడ్డం పడ్డది. పానా కింద పెట్టు. పెట్టినవా?"

పెట్టాను. పెట్టాకే బుర్ర పనిచేసింది. ఆ నాడు ఉస్తాద్ దగ్గర నేను చేసింది ఇదే, దిగనిదాన్ని బలంగా గుంజడం. గేర్‌బాక్స్ ముందున్న షాఫ్టు పళ్ళు, ప్లేటు మధ్యలోని పళ్ళు ఎదురెదురు పడి నిలబడ్డాయి, అంతే. వెనక తిప్పితే ముందుది కూడా తిరగాలని గేర్ వేశాను. "నాయినా, ఎనక షాఫ్టు చేత్తోటి జర తిప్పు. గోరంత." నాయిన దూలం పాండుభావుకు అప్పజెప్పి తిప్పాడు. ఒక చిన్న శబ్దం, టక్కుమని. సందు మూసుకుపోయింది. నేను బోల్టు ముట్టనే లేదు. కింద పడుకుని ఏడ్చాను. ఏమైందని అడిగితే కంట్లో గేర్ ఆయిల్ పడిందన్నాను. తర్వాత ఎర్రకు ఎర్ర, పచ్చకు పచ్చ, చీకటి పడకముందే బిగించాను.

సోమవారం జీపు పోయింది. సాయంత్రం దాకా నేను షెడ్డు ముందు కాలు నిలవకుండా తిరుగుతూనే ఉన్నాను. అది టైర్ల నిండా నల్లరేగడి బురదతో తిరిగొచ్చి నా ముందే ఆగింది. నర్సమ్మ దిగి "ఏక్ నంబర్!" అంది. పేటలో సగం మంది ఆ మాట విన్నారు, మిగతా సగానికి ఎల్లవ్వ చెప్పింది.

మర్నాడు పొద్దున నాయిన షెడ్డుకు వచ్చాడు. చేతిలో గుడ్డ మూట. విప్పితే మూరెడు మూరెడు నూలు, ఎరుపు, పచ్చ, తెలుపు. నా మగ్గం మీద నాకోసం ఆపిన పాత కొసలవి.

"బోల్టులకు కట్టుకో" అన్నాడు. "నాకు కొయ్యబుద్ధి గాలే. ఎల్లవ్వతోటి కోయించిన." మరి మాట్లాడితే ఏమవుతుందోనని గబగబా వెళ్ళిపోయాడు, పోతూ పోతూ నా భుజం మీద ఏదో పోగు పీకి జేబులో వేసుకున్నాడు.

నేను ఎల్లవ్వను వెతుక్కుంటూ పోయాను. ఎవరింట్లోనో పడుగు ముందు, వేళ్ళకు బూడిదతో కూర్చుని ఉంది. "అత్తా, కోసినవట" అన్నాను. తల ఎత్తలేదు. "బతుకంత అతికిన అల్లుడా. కత్తెర పట్టింది గీ ఒక్కసారె. మీ నాయిన నిలబడి కొయ్యమంటె కోసిన. మల్ల మగ్గం దిక్కు చూస్తివో, గదే కత్తెరతోటి నీ చెవులు కోస్త." అని నవ్వింది. ఇద్దరం నవ్వాం.

ముసలితనంలో చూపు తగ్గి, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో, బీడీలు చుట్టే కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది ఎల్లవ్వ. నేను పోయినప్పుడల్లా జేబు తడిమి చూసేది, పోగులు ఉన్నాయా లేవా అని. ఆమె పోయి చాలా ఏళ్ళయింది, నాయినా పోయాడు. మొన్న ఆ వింత బండి గేర్‌బాక్స్ ఎక్కేటప్పుడు కూడా వేలెడు సందు దగ్గర ఆగింది. పానా కింద పెట్టాను. గోరంత తిప్పాను. పని అయ్యాక నాయిన ఇచ్చిన ఆ పోగులన్నీ విప్పి, ఎప్పటిలాగే సబ్బుతో ఉతికి, పెరట్లో తీగ మీద ఆరేశాను. మా ఆవిడ నవ్వుతుంది, చీరల పక్కన ఆ దారపు ముక్కలేమిటని. రంగులు వెలిసిపోయాయి, ఏది ఎరుపో ఏది పచ్చో నాకు తప్ప ఎవరికీ తెలియదు. గాలికి ఊగుతున్నప్పుడు పీకెయ్యాలని నా వేళ్ళు లాగుతాయి, నాయిన వేళ్ళు కదా. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను, అవి ఆరేదాకా.