పచ్చగడి మాస్టారు

ఓహాకా కొండల్లో మా ఊరి బడికి హెడ్మాస్టరు ఎవోడియో. చొక్కా జేబులో రెండు ఫోన్లు, వేళ్ల కొసల్లో ఎప్పుడూ తొందర. పని పూర్తయినట్టు తెర మీద గడి పచ్చగా మారగానే కళ్లద్దాలు తీసి, ఊది, తుడుచుకుంటాడు. ఒకప్పుడు కబురంటే పంచాయతీ మైకులో అరిపించేవారు. మొక్కజొన్న చేలల్లో ఉన్నవాళ్లకూ వినబడేది. పాత పద్ధతని ఈయన మాన్పించాడు. బడి కప్పు కారుతోంది, అందరం కలిసి బాగుచేసుకుందాం, ఆదివారం రండని తల్లిదండ్రులకు ఒక్క నొక్కుతో మెసేజ్ పంపాడు. అందరి పేర్ల పక్కనా ‘చూశారు’ అని పడింది. తీరా ఆదివారం ఒక్క నరపురుగు రాలేదు. గేటు ముందు, మొక్కజొన్న పిండి ఉడికించి చేసే తమాలెల గంపతో పోతున్న ఓ పిల్ల తల్లి ఫౌస్తాను పిలిచాడు.

“ఏమ్మా ఫౌస్తా, మెసేజ్ చూసి కూడా రాకపోతే ఎలా?”

“నేనెక్కడ చూశాను మాస్టారూ! హోంవర్కు ఫోన్లోనే ఇస్తున్నారుగా మీరు? ఫోనెప్పుడూ మా పిల్లదాని చేతిలోనే. ఊరంతా అంతే.”

“మరి అది నీకు చెప్పొద్దూ?”

“బళ్లోకి అమ్మానాన్నల్ని రమ్మన్నారంటే ఏ పిల్ల చెబుతుంది, తిట్లు తినడానికా? మైకులో ఓ కేక వేయిస్తే చచ్చినట్టు వచ్చేవాళ్లం.”

మాస్టారు విసవిసా లోపలికెళ్లి, జిల్లా ఆఫీసుకు కంప్యూటర్లో నివేదిక నింపాడు: కబురు అందినవారు నూటికి నూరు. ఎవరైనా వచ్చారా అని అడిగే గడి అందులో లేదు. ఉన్న గడి పచ్చబడింది. బయట వాన మొదలైంది. కళ్లద్దాలు తీశాడో లేదో, కప్పు నుంచి ఓ చుక్క వాటి మీద పడింది. ఈసారి ఊదే పని లేకుండానే తుడుచుకున్నాడు.