తలకిందులుగా బిగించిన రూటర్

1998 వేసవి. మచిలీపట్నంలో మా నాన్న నడిపిన వడ్రంగి షెడ్డు అప్పటికే నా చేతికి వచ్చింది. భుజం నొప్పితో నాన్న పని మానేశారు. కుర్చీలో కూర్చుని, చిత్రిక చప్పుడు వినే నా తప్పులు చెప్పేవారు.

ఒకరోజు దివిసీమ నుంచి యేసురత్నం గారనే సంఘపెద్ద ట్రాక్టరు మీద పాత టేకు దూలాలు తెచ్చారు. డెబ్బై ఏడు ఉప్పెనలో వాళ్ల చర్చి కూలినప్పుడు ఊరివాళ్లు బురదలోంచి లాగి దాచుకున్న కలప అది. అప్పట్నుంచీ పాకలోనే ప్రార్థన. ఇప్పుడు కొత్త చర్చి లేచింది. దాని ముఖద్వారం తలుపులు ఈ చెక్కతోనే కావాలి.

“ఒక్క పలక చెడినా మళ్లీ తేలేమమ్మా,” అన్నారాయన.

“చెడనివ్వనండి,” అన్నాను. అనేశాక గుబులు పట్టుకుంది.

కోయిస్తే సరిగ్గా తలుపులకు చాలినన్ని పలకలే వచ్చాయి. ఒక్కో పలక అంచుల్ని వాలుగా చెక్కి, నడుమ ఉబ్బెత్తుగా ఉంచాలి. కోతలో మిగిలిన ముక్క మీద చిత్రిక పట్టి చూస్తే, నార ఎదురు తిరిగి పెచ్చులు లేచాయి. ఇక మిగిలింది రూటర్: గిర్రున తిరిగే బిట్‌తో, అంటే కోసే ఉక్కు మొనతో, అంచును మలిచే మిషను. మా దగ్గరున్నది చాలా పెద్దది. రెండు పిడులూ పట్టుకుని ఓ వేపచెక్క మీద నడిపి చూశాను. వెడల్పాటి బిట్ అంచును కొరకగానే మిషను నా చేతుల్ని పక్కకు ఈడ్చేసింది. చెక్కలో గుంట పడింది.

“నీ వల్ల కాదులేమ్మా. ఆయనకి చెప్పేద్దాం,” అన్నారు నాన్న.

“మిషన్ని కదలకుండా కట్టేసి చెక్కనే కదుపుతాను నాన్నా.”

రూటర్ టేబుల్ అంటే అదే. మిషన్ని బల్ల కింద తలకిందులుగా బిగిస్తే, బిట్ ఒక్కటే పైకి తేలుతుంది. విజయవాడలో చిన్న రూటర్‌కి చేసిన టేబుల్ ఒకటి చూశాను. మాది దానికి రెట్టింపు బరువు.

మొదట మందపాటి ప్లైవుడ్‌కే నేరుగా బిగించాను. బిట్ ఎత్తులో సగం ఆ మందమే మింగేసింది. కింద పలచగా తొలిస్తే బరువుకు బల్ల కుంగింది. చివరికి లేతు షాపు సూర్యం మావయ్య దగ్గర దళసరి అల్యూమినియం రేకు కోయించుకున్నాను. రూటర్ అడుగునున్న ప్లాస్టిక్ బిళ్ల విప్పి, దాన్ని రేకు మీద పెట్టి, మర బోల్టుల గుర్తులు పెట్టుకున్నాను. పాత బోల్టులు పొట్టివైపోయాయి. మావయ్యే పొడవైనవి వెతికిచ్చారు.

బల్లలో కంత కోసి, రేకు కూర్చోవడానికి చుట్టూ చిన్న మెట్టు తీశాను. తీరా చూస్తే మిషను అందులో దూరలేదు, పిడులు అడ్డం. వాటిని విప్పేశాను. తర్వాత రేకు ఒక మూల కాస్త దిగింది. అంతమాత్రం ఎత్తుపల్లానికే చెక్క తట్టుకుని ఆగిపోతుంది. నాలుగు మూలలా కింద చిన్న మరలు పెట్టి, కొంచెంకొంచెం పైకి లేపాను.

ప్లగ్గు పీకి, “చెయ్యి పెట్టి చూడండి,” అన్నాను. నాన్న కళ్లు మూసుకుని బల్ల మీంచి రేకు మీదికి అరచెయ్యి జార్చారు.

“అతుకు తెలియట్లేదే!”

అసలు పలకలు చెక్కిన రోజు యేసురత్నం గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వేగం తగ్గించి, బిట్‌ని కొద్దికొద్దిగా లేపుతూ, అది తిరిగే దిశకు ఎదురుగా కుడి నుంచి ఎడమకు తోశాను. ముందు నారకు అడ్డంగా ఉన్న అంచులు, తర్వాత పొడుగు అంచులు. మిషను గర్జిస్తూనే ఉంది కానీ ఇసుమంతైనా కదల్లేదు. చివరి పలక తీసి ఇస్తే, ఆయన దాన్ని చెంపకు ఆనించుకున్నారు.

“ఒక్కటీ పోలేదు కదమ్మా?”

“ఒక్కటీ పోలేదండి.”

చర్చి ప్రారంభం రోజున మమ్మల్నీ పిలిచారు. ఊరి ఆడవాళ్లు ఆ తలుపుల్ని రెండు చేతులా నెట్టి పాడుతూ లోపలికి నడిచారు. కండబలం చాలకపోతే పని వదులుకోనక్కర్లేదనీ, బరువు మోసే చోటు కట్టుకుంటే మిగతాది ఓర్పు చూసుకుంటుందనీ నాకు ఆ తలుపులే నేర్పాయి. బయట ఎవరో నాన్నను, “తలుపులు చేసింది మీరేనా అండీ?” అని అడిగారు.

“మా అమ్మాయండి,” అన్నారు నాన్న. “నేను చెయ్యలేకపోయేవాణ్ణి.”