ఏరేటర్ల మోతలాంటి ఆల్బమ్

పొద్దున మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన, ఎవరూ పట్టించుకోని ఆంబియెంట్ ఆల్బమ్ ఒకటి చెప్పమని అడిగారు. మాటల్లేని, తాళం లేని, యంత్రాలతో చేసిన ఈ సంగీతాన్ని వినేవాళ్లం నెల్లూరు జిల్లాలో ఎలాగో పదిమందిమి ఒకచోట చేరాం. మా ఇంట్లోవాళ్లు దీన్ని ఫ్రిజ్ చప్పుడు అంటారు. ఎవరైనా అడగడమే ఆలస్యం, నేను చిట్టా విప్పుతాను. ఈసారి మాత్రం మొదట గుర్తొచ్చిన పేరు టైపు చేసి, చెరిపేశాను.

ఆ ఆల్బమ్ మా బావకు ఇచ్చింది నేనే. బావంటే మా అక్క భర్త. అల్లూరు దగ్గర రెండు రొయ్యల గుంటలు చేసేవాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవాడు. ఆయన చెవి అలాంటిలాంటిది కాదు. గుంటలో నీళ్లు చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లు ఎనిమిదీ తిరుగుతుంటే, కట్ట మీద నిలబడి ఏది మొరాయిస్తోందో చెప్పేవాడు. మధ్యాహ్నం ఆ మోతలోనే షెడ్డులో కునుకు తీసేవాడు. మోత ఆగితేనే మెలకువ. రొయ్యలు చేసేవాళ్లకు అదే అలారం. అంతటి చెవి పెట్టుకుని పాత సినిమా పాటలే వింటాడేమిటని నాకు బెంగ. హెడ్‌ఫోన్లతో సహా పట్టుకెళ్లి ఇచ్చాను. పది నిమిషాలు ఓపిగ్గా విని, "పాట ఎప్పుడు మొదలవతాది అబ్బయా?" అన్నాడు. వారం తిరక్కముందే ఆయనే ఫోన్ చేసి, అది అచ్చం ఏరేటర్ల మోత మాదిరే ఉందనీ, వింటుంటే హాయిగా నిద్ర పడుతోందనీ చెప్పాడు. నేను పొంగిపోయాను. అప్పుడైనా నా బుర్రకు తట్టలేదు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగాయి. షెడ్డులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పడుకున్న బావ చెవుల్లో మాత్రం మోత ఆగలేదు. మబ్బు రోజున నీళ్లలో గాలి అసలే తక్కువ. అక్క అన్నం క్యారియర్ తెచ్చేసరికి రొయ్యలు ఒడ్డు పొడవునా పైకి తేలుతున్నాయి. పరుగున జనరేటర్ వేసినా పెద్ద గుంట దక్కలేదు.

నేను వెళ్లేసరికి చచ్చిన రొయ్యల్ని వలతో కట్ట మీదికి లాగుతున్నారు. "నువ్విచ్చిందే గదరా," అంది అక్క, నా మొహం చూడకుండా. బావ తలెత్తలేదు. "వాణ్ణేం అనబాక. చెవుల్లో పెట్టుకున్నది నేను," అన్నాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత గుంటలు కౌలుకు ఇచ్చేశాడు. హెడ్‌ఫోన్లు కవర్లో చుట్టి పంపేశాడు. ఏటా క్రిస్మస్‌కు వెళ్తాను, అక్క పెట్టింది తింటాను, సంగీతం మాట ముగ్గురం ఎత్తం.

ఇవాళ ధైర్యం చేసి బావకే ఫోన్ చేశాను, ఆ పేరు చెప్పాలా వద్దా అని. "చెప్పు. చెవుల్లో పెట్టుకోబాకండని కూడా చెప్పు," అన్నాడు. మళ్లీ నెమ్మదిగా అడిగాడు: "అది ఆఖర్న ఎట్టా ఆగతాది అబ్బయా? నేను ఇనలేదు."

మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. గ్రూపులో పేరు రాశాను, కింద ఆయన మాటా రాశాను. నిడివి నలభై నిమిషాలు అని రాసి మాత్రం చెరిపేశాను. మా ముగ్గురి మధ్యా అది ఆరేళ్లుగా నడుస్తూనే ఉంది.