గడప పక్కన చెంబెడు నీళ్లు

కోదాడ సినిమాహాల్లో ఆడవాళ్ల గేటు దగ్గర సుక్కి టికెట్లు చింపేది. నడిగూడెం దగ్గరి తండా ఆమెది. పొలం గట్టు తగాదాలో ఒక మనిషి ప్రాణం పోయింది. మొగుడు సోమ్లాకు యావజ్జీవం పడింది. మూణ్ణెల్లకోసారి వరంగల్ జైలుకు పోయి, జాలీకి అవతల అతన్ని చూసి వచ్చేది. లోపల అతను ఎక్కడ పడుకుంటాడో, ఏ కిటికీలోంచి ఆకాశం చూస్తాడో ఆమెకు తెలియదు.

తొంభై ఒకటిలో, హోళీ దాటాక, హాలుకు ఒక జైలు సినిమా వచ్చింది. అందులో ఉరి పడి చచ్చిన ఖైదీ దయ్యమై వచ్చి, పక్క గదిలోని వాడి చేయి పట్టుకుని గోడలోంచి బయటికి నడిపిస్తాడు. మరుక్షణం తెల్లవారుతుంది. వాడు మళ్లీ గదిలోనే ఉంటాడు, కాళ్లకు బురదతో.

సుక్కి రోజూ మ్యాట్నీలో తలుపు వారగా నిలబడి చూసింది. వాడు ఇల్లు చేరాడా, లేదా? పదిరోజులు ఓపిక పట్టి ఆపరేటర్ ధర్మాను అడిగింది.

"అన్నా, నడిమిట్ల ఏమైతది?"

"ఒక రీలు పక్కన పెట్టినమే. రాత్రి ఆట లేటై సూర్యాపేట ఆఖరి బస్సు తప్పితే జనం నన్ను తంతరు."

"గా రీలు జర సూపియ్యన్నా."

"నీ ఒక్కదాని కోసం మిషను తిప్పాల్నా? మిర్యాలగూడల మొత్తం ఆడుతుందంట. పో, సూసిరా."

సుక్కి సెలవు పెట్టి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని బస్సెక్కింది.

అక్కడ ఆ రీలు వచ్చింది. వాడు ఊరు చేరాడు. తన గుమ్మం ముందు ఆగాడు. తలుపుకు తాళం. పెళ్లాం వాణ్ని చూడటానికే జైలుకు పోయింది. వాడు తాళాన్ని తడిమి, అరుగు మీద కూర్చుని, కోడి కూయగానే లేచిపోయాడు.

"జైలు గోడల నుంచి వచ్చినోడికి ఇంటి తాళం అడ్డమొచ్చిందా?" వెనక వరసలో ఎవరో నవ్వారు.

సుక్కికి నవ్వు రాలేదు. సొంత ఇంట్లోకి ఎవరైనా దొంగలా దూరతారా? ఇంటి మనిషి తలుపు తీయాలి, కాళ్లకు నీళ్లివ్వాలి. బొడ్లో తాళంచెవి ఒత్తుకుంది. సినిమా సగంలోనే లేచి బస్టాండుకు నడిచింది.

మర్నాడు ఆ తాళంకప్ప హాలు గేటుకు వేలాడింది.

"ఏడిదే ఇది?" అన్నాడు ధర్మా.

"మా ఇంటిదే. గాడ దీంతోని పని లేదిగ."

అప్పటినుంచి పనికి పోయేముందు తలుపు ఊరికే దగ్గరికి వేసి, గడప పక్కన చెంబెడు నీళ్లు పెట్టేది. పక్కింటి ఊర్మిళమ్మ ఊరుకోలేదు.

"కుక్కలు దూర్తయే, పిచ్చిదానా."

"దూరనీ అమ్మా. ఏమెత్కపోతయి?"

ఇంటికి రాగానే ముందు చెంబులోకి చూసేది. కొన్నిసార్లు నీళ్లు కాస్త తగ్గినట్టుండేవి. ఎండకేమోలే అనుకునేది.

రోహిణి కార్తెలో ములాఖత్ వచ్చింది. సోమ్లా చిక్కిపోయాడు. తండా సంగతులు, తమ్ముడి బిడ్డ పెళ్లి, అన్నీ మాట్లాడుకున్నారు. చెంబు సంగతి చెప్పడానికి మాత్రం సుక్కికి సిగ్గేసింది. ఇంతలో టైమైందని వార్డరు కేకేశాడు.

సోమ్లా లేస్తూ జాలీకి మొహం ఆనించాడు.

"సుక్కీ, గా చెంబు జర నీడకు పెట్టరాదే. నీళ్లు ఉడుకెక్కుతున్నయ్."