హెడ్మాష్టరు ఏ ఇంట్లో దిగుతాడు?

నా చేత్తో నేను రాసిన ఒక వాక్యం గురించి చెప్పాలి. ఇన్నేళ్లూ చెప్పకుండా దాటేశాను. దానికంటే ముందు మా స్కూలు కమిటీ గురించి చెప్పుకుంటూ వస్తాను. తప్పంతా వాళ్లదేనని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను మరి.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. తిరువూరులో ఒక కమిటీ హైస్కూల్లో నేను చిన్న మాష్టర్ని. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కమిటీకి ప్రెసిడెంటు రైసుమిల్లు షావుకారుగారు. కరస్పాండెంటు ఎ.కొండూరు వైపు భూములున్న కామందుగారు. మిగిలిన అయిదుగురూ ఈ ఇద్దరిలో ఎవరు గట్టిగా దగ్గితే వాళ్ల వైపు తలాడించే రకం. నా దస్తూరీ బాగుంటుందని కమిటీ తీర్మానాలు రాసే మినిట్సు పుస్తకం నాకు అప్పగించారు. అదేదో పెద్ద గౌరవమనుకుని నేను చంకలు గుద్దుకున్నాను.

పాత హెడ్మాష్టరు రిటైరై వెళ్లాక రెండేళ్లపాటు మా లెక్కల మాష్టారే ఇన్‌చార్జిగా బడి నడిపారు. నాకు చదువు చెప్పిందీ ఆయనే. నేను వినగడప నుంచి వచ్చి, తిరువూరులో గది తీసుకుని వండుకు తినే రోజుల్లో సాయంత్రాలు ఆయన అరుగు మీదే నా చదువంతా. నాకు ఈ ఉద్యోగం వేయించిందీ ఆయనే. ఆయనకింక మూడేళ్ల సర్వీసుంది. ఆ మూడేళ్లూ అసలైన హెడ్మాష్టరుగా కూర్చుని వెళ్లాలని ఆయన ఆశ. ఎన్నడూ ఏదీ నోరు తెరిచి అడగని మనిషి, ఆ ఒక్క ఉద్యోగానికీ అర్జీ పెట్టుకున్నారు.

ఎల్.టి. ట్రెయినింగు ఉంది, అనుభవం ఉంది, ఊళ్లో మంచి పేరుంది. లేనిదల్లా అద్దె కొంప. నవ్వకండి, చెబుతాను.

మా ఊళ్లో హెడ్మాష్టరు ఎవరి ఇంట్లో అద్దెకుంటే ఆయన వాళ్ల మనిషి కింద లెక్క. పాతాయన బస్సులు ఆగే చోటికి వెనకున్న షావుకారుగారి మేడలో ఉండేవాడు. పొద్దున్నే షావుకారు కొడుకులకు పాఠాలు, సాయంత్రం మిల్లు తాలూకు ఇంగ్లీషు ఉత్తరాలు. వాళ్లింట్లో పేరంటమైతే హెడ్మాష్టరు భార్య వెళ్లి పీటలు వేయాలి. ఇదంతా చూసి కామందుగారు పళ్లు నూరుకుంటూ తాలూకా కచేరీ వీధిలో తన పెంకుటిల్లు ఖాళీ చేయించి, సున్నం వేయించి సిద్ధంగా ఉంచాడు. రెండిళ్లకూ తాళాలు వేలాడుతున్నాయి. అందువల్ల ఇంటర్వ్యూలో అసలు ప్రశ్న ఒక్కటే: తమరెక్కడ దిగుతారు?

ఈ సంగతి నాకు తెలుసు. ముందురోజు మాష్టారి దగ్గరికి వెళ్లి చెప్పాను.

"ఎక్కడుంటారని అడుగుతారండీ. ఎటూ తేల్చకుండా చూద్దాం లెండి అనండి, చాలు."

ఆయన నవ్వారు. "నా ఇల్లు ఎక్కడుందో వాళ్లకి తెలీదంటావుటోయ్?"

ఇంటర్వ్యూ వేసవి సెలవుల్లో పెట్టారు. హెడ్మాష్టరు గదిలో, మాష్టారు రెండేళ్లుగా కూర్చున్న కుర్చీలో షావుకారుగారు కూర్చున్నాడు. మాష్టారు బయట వరండాలో, ఫస్టు ఫారం పిల్లల బెంచీ మీద కూర్చున్నారు. కామందుగారు తన తోటలోంచి గంపెడు రసాలు తెప్పించాడు. కమిటీ మొత్తం వాటిని పిసికి జుర్రుతోంది. టెంకలు బల్ల మీదే పడేస్తున్నారు. ఒకాయన చేతులు తుడుచుకోవడానికి గుడ్డ దొరక్క ముందున్న కాగితాల్లోంచి ఒకటి లాగాడు. అది మాష్టారి అర్జీ. దాని మీద పసుపుపచ్చ వేళ్ల ముద్రలు పడ్డాయి. అది చూసి కూడా నేను వంచిన తల ఎత్తలేదు.

మొదట బెజవాడ నుంచి వచ్చినాయన్ని పిలిచారు. షావుకారు తరఫు మనిషి. ఏం పాఠం చెబుతారని ఎవరూ అడగలేదు. మేడలో దిగుతానన్నాడు. కామందుగారు మరో పండు తీసుకుని అవతలికి తిరిగి కూర్చున్నాడు. బెజవాడాయన పని అక్కడితో అయిపోయింది.

తరవాత మాష్టారు.

"కంటి చూపు బానే ఉందా పంతులుగారూ?" అన్నాడు షావుకారు.

"బానే ఉందండి."

"ఉద్యోగం ఇస్తే మరి ఎక్కడుంటారు?"

"మా ఇంట్లోనేనండి. సొంతిల్లుందిగదా."

"అది మూడంకణాల కొంప గదండీ! హెడ్మాష్టరన్నాక హోదాగా ఉండొద్దూ?" అన్నాడు కామందు. "మా పెంకుటిల్లు ఖాళీగానే ఉంది."

"మేడయితే గాలొస్తుంది," అన్నాడు షావుకారు.

"గాలికేం, మా ఇంటికీ వస్తుంది."

మాష్టారు ఇద్దరి వంకా చూసి, క్లాసులో లెక్క తప్పిన పిల్లాడికి చెప్పినంత నెమ్మదిగా అన్నారు: "బడి నడపడానికి నా ఇంటితో పనేముందండీ?"

ఇంటర్వ్యూ అక్కడితో సరి. ఆయన లేచి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. అంతవరకూ ఒకరి మొహం ఒకరు చూసుకోని షావుకారూ కామందూ అప్పుడు మొదటిసారి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడో ఆయన ఏలూరు వైపు నుంచి వచ్చాడు. గది బయట నించుని అంతా విన్నాడో ఏమో, రెండు చేతులూ జోడించి పళ్లికిలిస్తూ లోపలికొచ్చాడు.

"కాపురం షావుకారుగారి మేడలో పెడతానండి. పొద్దునా సాయంత్రం మాత్రం కామందుగారింట్లోనే ఉంటాను. పిల్లల చదువులు చూడాలిగదండీ!"

గదిలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. "అదీ తెలివంటే," అన్నాడు కామందు. ఏలూరాయనకు ఒక పండు కూడా ఇచ్చారు. ఆ పెద్దమనిషి దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఒక బడిని, నాలుగు వందల మంది పిల్లల్ని ఆ పండు పుచ్చుకున్న చేతుల్లో పెట్టారు.

తీర్మానం రాయమన్నారు. రాశాను. అప్పుడు షావుకారుగారికి ఒక అనుమానం వచ్చింది.

"లెక్కల పంతుల్ని ఊరికే కాదంటే డి.ఇ.ఓ. ఆఫీసులో అడుగుతారయ్యా. ఏదో ఒక కారణం ఉండాలి."

"చదువుకున్నవాడు, మనం చెప్పాలా? తనే రాస్తాడు," అన్నాడు కామందు నా వంక చూసి.

"అవునవును. అన్నట్టు చిన్న మాష్టారూ, మీ పర్మనెంటు సంగతి కూడా ఈ నెల్లోనే గదూ?" అన్నాడు షావుకారు.

అంతే. బెదిరించలేదు, బతిమాలలేదు. ఇంకో పండు కోసం గంపలోకి చెయ్యి పెట్టాడు.

నేను కలం సిరాలో ముంచాను. నాకేమీ తోచకపోతే ఎంత బాగుండేది! చిటికెలో తోచింది. "సదరు ఉపాధ్యాయులు స్థానికులు, ఊరిలో సొంత ఇల్లు గలవారు అయినందున పక్షపాతమునకు ఆస్కారము కలదని కమిటీ అభిప్రాయపడినది." గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటి లేదు. చదివి వినిపించాను. కామందుగారు తొడ చరిచి మెచ్చుకున్నాడు. మాష్టారి అరుగు మీద కూర్చుని నేర్చుకున్న దస్తూరీ అది.

తీర్మానం నకలు ఇన్‌చార్జి హెడ్మాష్టరు ద్వారానే పై ఆఫీసుకు పోవాలి. కాబట్టి అది ముందుగా మాష్టారి బల్ల మీదికే వెళ్లింది. ఆయన చదివారు, సంతకం చేశారు, పంపించారు. నా అక్షరం ఆయనకు తెలియకపోవడమేమిటి! బడి తెరిచాక వారం రోజులు నేను స్టాఫు గదిలో ఆయనకు ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. ఆయన మాత్రం ఎప్పట్లాగే, "అన్నం తిన్నావుటోయ్?" అని పలకరించేవారు. తిట్టినా బాగుండేది.

కొత్తాయనకు చార్జి అప్పగించే రోజు మాష్టారు నన్ను గదిలోకి పిలిచారు. తాళం చెవులు వరసగా బల్ల మీద పెట్టి ఉన్నాయి. నా పర్మనెంటు కోసం హెడ్మాష్టరు ఇవ్వాల్సిన సిఫార్సు కాగితం చేతికిచ్చారు.

"నేను దిగిపోయేలోగా ఇది అయిపోతే మంచిదని రాసేశాను. కొత్తాయన వస్తే ఎన్నాళ్లు నాన్చుతారో! చూసుకో, తప్పులేమైనా ఉన్నాయేమో."

నిలబడే చదివాను. పాఠాలు బాగా చెబుతాడని ఉంది. పిల్లలంటే ప్రేమ ఉన్నవాడని ఉంది. చివర, "నిజాయితీపరుడు, పక్షపాతం ఎరగనివాడు" అని ఉంది. ఎత్తిపొడుపేమోనని ఆయన మొహంలోకి చూశాను. ఎత్తిపొడవడం ఆయనకు చేతకాదు. ఆ కాగితం రాసింది తన దగ్గర చదువుకున్న పిల్లాడి బతుకు చూసుకునే మాష్టారు.

"తప్పులేం లేవండీ," అన్నాను.

ఆయన ఇన్‌చార్జిగా పెట్టిన చివరి సంతకం అదే. ఆ కాగితంతోనే నేను పర్మనెంటయ్యాను.