విగ్గు సంచి

చా బొక్సున్‌కు ఎవరి తల కనబడినా చేతులు ఊరుకోవు. బస్సులో ముందు సీటావిడ జుట్టు ఒకపక్కకు ఒరిగిందని చెప్పాపెట్టకుండా సరిచేసి, తిట్లు తిని, దిగేలోగా ఆ నోటితోనే "మీ షాపెక్కడమ్మా?" అనిపించుకున్న మనిషి. జెచన్ ఊరి బజారులో ఆడవాళ్ల తలలమీద ఉంగరాలన్నీ ఆమె పార్లర్లో చుట్టినవే.

అలాంటి తల్లికి పుట్టిన యున్‌సల్ బ్యాంకు ఉద్యోగం మానేసి, కొండమీద బౌద్ధ సన్యాసినుల మఠంలో చేరి గుండు చేయించుకుంది.

బజారు ఊరుకుంటుందా? "కూతురి తలమీదే జుట్టు నిలబెట్టలేకపోయావు, నాదేం నిలబెడతావు వదినా?" అంది టోఫూ అమ్మే పిల్‌రే, పార్లర్ కుర్చీలో కూర్చునే. బొక్సున్ ఆమె జుట్టుకు రోలర్లు ఇంకొంచెం బిగించింది.

కొత్తగా చేరినవాళ్లకు మఠంలో ఆరు నెలలు పరీక్ష. తర్వాత దీక్ష. దీక్ష పుచ్చుకుంటే పిల్ల ఇక ఇంటికి రాదు. అందుకని బొక్సున్ నెలకు రెండుసార్లు పార్లర్ మూసి, సంచిలో విగ్గు పెట్టుకుని కొండెక్కేది. గుండుతో పిల్లని బజారులోంచి ఎలా నడిపిస్తుంది!

"పెట్టుకో. నీ మొహానికి నప్పుతుంది."

"నేను రానమ్మా."

"పోనీ, కురచది తేనా?"

"జుట్టు కాదమ్మా సంగతి."

"జుట్టు కాక ఇంకేముంటుందే లోకంలో!"

పదకొండు విగ్గులు ఎక్కి దిగాయి. పన్నెండోది దీక్షకు ముందురోజు ఎక్కింది. ఈసారి రాకపోతే గేటు దగ్గరే కూలబడి ఏడుద్దామని బొక్సున్ నిశ్చయించుకుంది.

ఆవేళ మఠంలో తలలు గొరిగే రోజు. వాకిట్లో మఠానికి పెద్ద, ఎనభయ్యేళ్ల పెద్దమ్మగారు మ్యోగాక్, వణికే చేత్తో యున్‌సల్ తల గొరుగుతోంది. చెవి వెనక సన్నగా నెత్తురు.

బొక్సున్ ఏడుపు మరిచిపోయింది. "ఆగండి పెద్దమ్మగారూ! అది తలా, ముల్లంగా?"

"నలభయ్యేళ్లుగా ఇలాగే చేస్తున్నానమ్మా."

"నలభయ్యేళ్లుగా తప్పే చేస్తున్నారు. కత్తి ఇటివ్వండి!"

వేడినీళ్ల గుడ్డ వేసి, కత్తి నూరి, మొదలుపెట్టింది. నడినెత్తికొచ్చేసరికి చేయి ఆగింది.

"రెండు సుడులు. రెండు పెళ్లిళ్లవుతాయన్నారే నీకు. ఒక్కటీ లేదు."

"కోపమా అమ్మా?"

"కదలకు. గాటుతో దీక్షకు వెళ్తే బొక్సున్ కూతురినని చెప్పుకోకు."

యున్‌సల్ కదల్లేదు, కానీ భుజాలు నవ్వుతున్నాయి. ఆ పూట పద్నాలుగు తలలయ్యాయి. ఆఖరున పెద్దమ్మగారు కూడా బుద్ధిగా వచ్చి కూర్చుంది.

దీక్ష అయిపోయింది. బొక్సున్ మాత్రం నెలకు రెండుసార్లు సంచి పట్టుకుని కొండెక్కడం మానలేదు. అడిగితే, "పిల్లని తెచ్చుకోవడానికి" అంటుంది.

చలికాలం రాగానే పిల్‌రే ఉండబట్టలేక సంచి లాగి చూసింది. మంగలికత్తి, గాట్లకు మందు, బూడిదరంగు ఉన్నితో అల్లిన పద్నాలుగు టోపీలు. ఏ తలకు ఆ తల కొలత.

"మరి ఈ విగ్గెందుకు వదినా, అడుగున?"

బొక్సున్ సంచి లాక్కుంది. "ఉండనీ. ఎప్పుడైనా దానికి మనసు మారిందనుకో, నీలాంటివాళ్ల ముందునుంచి ఎలా నడిచొస్తుంది పాపం!"