పెదనాన్న సైకిలుకు కొత్త మెడ

సైకిలు ముందుకు పోయి, హ్యాండిలు మాత్రం మనిషి చేతుల్లో మిగిలిపోవడం మీరెప్పుడన్నా చూశారా? నేను చూశాను. చూడటం ఒక్కటే అయితే ఇది రాయాల్సిన పనే లేదు. ఆ ఘనకార్యం చేయించినవాణ్ణి కూడా నేనే. అదీ ఏ సంతలోనో కాదు, సమాధుల తోట గేటు ముందు, ఊరంతా పోయినవాళ్ల కోసం పూలు, కొవ్వొత్తులు పట్టుకుని వస్తున్న రోజున. మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ముందు ఏడుపొస్తుంది, నవ్వు ఆ తర్వాతే వస్తుంది.

మాది గురజాల పక్కన పల్లెటూరు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకు చదువుతున్నానని అందరికీ చెప్పుకుంటూ ఇంట్లో ఉండేవాణ్ణి. చదివింది తక్కువ, ఫోనులో వీడియోలు చూసింది ఎక్కువ. గొళ్లెం బిగించడం దగ్గర్నుంచి విమానం ఇంజను విప్పడం దాకా నాకు తెలియని విద్య లేదు. ఒక్కటీ చేసి చూడలేదు, అంతే తేడా.

మా నాన్నకు అన్న ఇన్నయ్య పెదనాన్న మా పక్కింట్లోనే ఉంటాడు. ముప్పై ఏళ్లు నాపరాళ్ల క్వారీలో రాళ్లు మోసి నడుము అక్కడే వదిలేసి వచ్చాడు. పిల్లలు లేరు. ఉన్న ఒక్క శౌరమ్మ పెద్దమ్మ, జ్వరమని పడుకుని వారం తిరక్కుండానే వెళ్లిపోయింది. ఆ తర్వాత భోజనం మా ఇంట్లో, పడక తన ఇంట్లో. మాటలు చానా తగ్గిపోయాయి.

మా క్రైస్తవులకు నవంబరులో సమాధుల పండగ వస్తుంది. ఎవరి సమాధికి వాళ్లు గడ్డి పీకి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. సొంతవాళ్ల చేతి సున్నం పడితేనే పోయినవాళ్లకు తృప్తి అని మా ఊళ్లో నమ్మకం. పెద్దమ్మ పోయిన ఏడు పండగ నాటికి పెదనాన్న నడుము పట్టేసి మంచంలో ఉన్నాడు. సున్నం నేను కొట్టాను. ఆ బాధ ఏడాది పొడుగునా ఆయన్ని తినేసింది.

“ఈ ఏడు నా చేత్తో నేనే కొట్టుకోవాల్రా జోజీ,” అన్నాడు ఒకరోజు. “సైకిలేసుకుని నేనొక్కణ్ణే పోవాల.”

“స్కూటరు మీద నేను తీసుకుపోతా గదా పెదనాన్నా.”

“నువ్వొస్తే నేను దాంతో మాట్లాడేదెట్లా? మొగుడూ పెళ్లాల మధ్యన నువ్వేంది?”

సరే, ఒక్కడే పోనీలే అనుకున్నాను. అయితే చిక్కు ఒకటుంది. ఆయన సైకిలు నా కంటే వయసులో పెద్దది. వంగితే గానీ హ్యాండిలు అందదు. డాక్టరేమో వంగావంటే మళ్లీ మంచమేనన్నాడు. హ్యాండిలు ఒక జానెడు పైకి లేస్తే చాలు, పెదనాన్న నిటారుగా కూర్చుని పెళ్లికొడుకులా పోవచ్చు.

అదిగో, అక్కడ నాకు జ్ఞానోదయం అయింది. హ్యాండిల్‌ను పట్టుకుని ఉండే మెడను స్టెమ్ అంటారు. కొత్త సైకిళ్ల స్టెమ్ ఎత్తుగా, సోకుగా ఉంటుంది గానీ పాత సైకిలుకు పట్టదు. ఆ రెంటికీ సంబంధం కుదిర్చే పెళ్లిళ్ల పేరయ్య ఒకడున్నాడు, వాడి పేరు అడాప్టర్. కింద సగం సన్నగా ఉండి పాత గొట్టంలోకి దిగుతుంది. పైన సగం లావుగా ఉంటుంది, దానికి కొత్త స్టెమ్ బిగించుకోవాలి. వీడియోలో ఒక తెల్లాయన నాలుగు నిమిషాల్లో ఈల వేసుకుంటూ బిగించేశాడు. నేను అదే రోజు అడాప్టరు, స్టెమ్ము, కొత్త హ్యాండిలు, మూడూ ఆర్డరు పెట్టాను.

పార్సిలు వచ్చింది. అడాప్టర్ని పాత గొట్టంలోకి దింపితే, బావిలో చేదలా జర్రున జారిపోయింది. సైకిలు నడిపించుకుంటూ మస్తాన్ బాబాయ్ షాపుకు పోయాను. మా ఊళ్లో సైకిళ్లకు ఆయనే పెద్దాసుపత్రి.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఏంది జోజీ ఇది? ఈ గొట్టానికి ఇది వదులురా. పట్టదు.”

“మధ్యలో రేకు చుడితే?”

“ఏం రేకు?”

“కూల్‌డ్రింకు టిన్ను కత్తిరించి చుడతా.”

మస్తాన్ బాబాయ్ నా మొహంలోకి జాలిగా చూశాడు. “సరే, చుట్టినావే అనుకో. ఇక్కడ గీత ఉంది, కనపడిందా? ఈ గీత లోపలికి పోయేదాకా దింపాల. గీత బయట ఉండిందా, మనిషి రోడ్డు మీద ఉంటాడు.”

“గీత దాకా దింపితే ఎత్తు రాదు గదా బాబాయ్. పెదనాన్న వంగకూడదు.”

“వంగకపోతే పడతాడు. ఏది మేలు?”

డిగ్రీ చదివినవాడికి పదో తరగతి తప్పిన మెకానిక్కు గీతల గురించి చెప్పడమేందని లోపల ఒక పొగరు. వెనక చక్రానికి మాత్రం తీగ బ్రేకు ఒకటి వేయించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి టిన్ను కత్తిరించి రేకు చుట్టాను, వీడియోలో గ్రీజు రాయమన్నారని దోసెకు నెయ్యి పూసినట్టు దండిగా పూశాను. గీతను మూడు వేళ్లు బయటే ఉంచి, బలమంతా పెట్టి బిగించాను. హ్యాండిలు జానెడు పైకి లేచింది. పెదనాన్న వాకిట్లో రెండు చుట్లు తిరిగి, నిటారుగా దిగాడు.

“ఒరేయ్, నడుము పలకలేదురా!” అన్నాడు. చాన్నాళ్లకు ఆయన పళ్లు చూశాను. నా గుండె పొంగిపోయింది. ఆ రాత్రి నాకు పరీక్షలు, ఉద్యోగం ఏవీ అక్కర్లేదనిపించింది.

పండగ రోజు మధ్యాహ్నం. తుపాను మబ్బు కమ్ముకుని ఊరంతా బూడిద రంగులో ఉంది. పెదనాన్న ఉతికిన చొక్కా వేసుకుని, చిన్న బకెట్లో సున్నం కలిపి, అందులో కుంచె పెట్టి హ్యాండిల్‌కు తగిలించుకున్నాడు. నన్ను రావద్దన్నాడు. నేను దూరంగా వెనక నడిచాను.

సమాధుల తోట ముందు రోడ్డు కాస్త పల్లం. పల్లం దిగాక ఎడమకు తిరిగితే గేటు. పెదనాన్న ఎడమకు తిప్పాడు. హ్యాండిలు తిరిగింది. చక్రం తిరగలేదు. ఆయన ఇంకా తిప్పాడు. హ్యాండిలు ఇంకా తిరిగింది, చక్రం మాత్రం ఊరి పెద్దమనిషిలా తన దారిన తాను నేరుగా పోతోంది.

“జోజీ! ఇది మాట ఇనటం లేదురో!”

“బ్రేకు పట్టు పెదనాన్నా! బ్రేకూ!”

భయంతో ఆయన హ్యాండిల్ని మీదికి లాక్కున్నాడు. అంతే. అడాప్టరు, రేకు, గ్రీజు అన్నీ కలిసి ముల్లంగి పీకినట్టు ఊడి వచ్చాయి. బ్రేకు తీగ ఒక్కటి కాసేపు బంధుత్వం నిలబెట్టాలని చూసి అదీ తెగిపోయింది. సైకిలు ఒంటరిగా కంపచెట్లలోకి పోయింది. పెదనాన్న రోడ్డు మీద కూలబడ్డాడు, రెండు చేతుల్లో హ్యాండిలు, నెత్తి మీద బకెట్టు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను నడుముకు మందేసి మెడ ఊడగొట్టాను.

“మరియ తల్లీ!” అని అరిచింది గేటు దగ్గరున్న రోసమ్మత్త. “సమాధికి గాక మనిషికి కొట్టారేంది సున్నం?”

జనం నవ్వారు. ఫాదరు గారు పరిగెత్తుకొచ్చి పెదనాన్నను లేపారు. ఆయన తెల్ల అంగీకి కూడా సున్నం అంటుకుంది గానీ, తెలుపు మీద తెలుపు, ఎవరికీ తెలియలేదు. కళ్లజోడు పుణ్యమా అని పెదనాన్న కళ్లకేమీ కాలేదు. నాకు మాత్రం భూమి చీలి, అందరితోపాటు ఆ తోటలోనే నాకూ ఆరడుగుల నేల దొరికితే బాగుండనిపించింది.

పది మంది తమ సున్నం ఇస్తామన్నారు. పెదనాన్న ఎవరిదీ తీసుకోలేదు. మొహం కడుక్కుని, కుంచె పట్టుకుని కుంటుకుంటూ పెద్దమ్మ దగ్గరికి పోయాడు. బకెట్లో అడుగున మిగిలింది కొట్టాడు. అది చాలలేదు. అప్పుడు తన చొక్కా మీది తడి సున్నాన్ని కుంచెతో తీసి తీసి సమాధికి పూశాడు. చేతుల మీది, ప్యాంటు మీది, జేబులోది కూడా. చివరికి ఒక మూల మాత్రం రాయి రంగే మిగిలిపోయింది. నేను పక్కన నిలబడి ఏడుస్తున్నాను.

“ఏడుపు ఆపి పోయి ఆ పాత హ్యాండిలు బిగించరా,” అన్నాడు. “వంగే పోతాలే. అలవాటే గదా.”

ఇప్పుడు చెప్పక తప్పలేదు. “అది లేదు పెదనాన్నా.”

“లేకపోవడమేంది? యాడికి పోయింది?”

“పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే ఆటో వస్తే... వేసేశా.”

పెదనాన్న కుంచె కింద పెట్టాడు. “ఎన్నొచ్చినయ్?”

“రెండు కిలోలు.”

“యాడున్నయ్?”

“మొన్న అమ్మ పులుసు పెట్టింది గదా. అవే.”

ఆయన సమాధి వైపు తిరిగాడు. “ఇన్నావటే శౌరమ్మా? మొన్న పులుసు బాగుందని రెండు మాట్లు ఏయించుకున్నా. నా హ్యాండిలు నేనే తిన్నానే!”

భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నవ్వుతున్నాడనుకుని నేనూ నవ్వాను. కాసేపటికి గానీ అది నవ్వు కాదని నాకు తెలియలేదు.

ఆ తర్వాత పెదనాన్న సైకిలెక్కలేదు. పాతలాంటి హ్యాండిలే కొనిస్తానన్నా వద్దన్నాడు, పడ్డప్పుడు నడుము మళ్లీ పట్టేసింది. అందుచేత ఆ సమాధి సాక్షిగా నేను చేసిన ప్రమాణం అందరికీ తెలియజేస్తున్నాను: ఇక నా ఒంట్లో ప్రాణముండగా పాతదానికి కొత్త మెడ అతికించను. గీత బయట ఉంచను. ఇనుము ముక్కను, అది తుప్పు పట్టిన మేకైనా సరే, దాని సొంతదారుణ్ణి అడక్కుండా ఉల్లిపాయలకు వేయను. మస్తాన్ బాబాయ్ ఏది చెబితే అదే వేదవాక్కు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆయన్ని స్కూటరు మీద సమాధుల తోటకు నేనే తీసుకుపోతాను. ఆయన లోపలికి పోతాడు, నేను గేటు బయట నిలబడి అటు తిరిగి ఫోను చూసుకుంటాను. ఎంత దూరం జరిగినా క్వారీలో అరిచి అరిచి అలవాటైన గొంతు వినపడుతూనే ఉంటుంది. ముందుగా పెద్దమ్మకు చెప్పే మాట ఒక్కటే:

“మెల్లగా మాట్లాడవే. వాడు గేటు కాడే ఉండాడు.”